కోసేసిన వల

రాకెట్టు ఎగిరే పొద్దు
మమ్మల్ని సముద్రంలోకి పోనియ్యరు.
మైపాడు ఒడ్డున తిరగేసిన పడవ నీడలో కూసోని
చిరిగిన వలకి కండ్లు అల్లతా ఉంటా.
దక్షిణాన, శ్రీహరికోట దిక్కు
తెల్లటి గీత ఒకటి లేచి, వంగి,
ఈకలీకలుగా చెదిరిపోతాది.
దాని శబ్దం మాత్రం తీరిగ్గా వస్తాది,
కూలికి పొద్దెక్కి వచ్చినోడి మాదిరి.

"పైకి పోయింది గదా, దిగేదెప్పుడు?" అన్నా.
మా అక్క మనవరాలు పెంచలరత్నం,
ఇందుకూరుపేటలో తొమ్మిది చదవతా ఉండాది,
"అన్నీ దిగవు తాతా,
పని అయిపోయినాక గూడా ఆడే తిరగతా ఉంటాయి" అనింది.
చచ్చిన ఉపగ్రహాలంట. ఊడిన మరలంట.
గుద్దుకోని వెయ్యి ముక్కలైనవంట.
గోరంత రంగు పెచ్చు
అద్దానికి గుంట పెడతాదంట.
అంత జోరేంది మే అంటే,
"బస్సుకి నెల్లూరు గంట గదా,
అది మూడు లెక్కబెట్టే లోపల పోతాది."

సూది ఆగిపోయింది నా చేతిలో.

అట్టాంటి సరుకు నాకు తెలుసు.
ఒక కార్తీకంలో, వాయుగుండం రోజు,
అప్పు తీరని కొత్త వల
బోటుని పక్కకి ఒరగదీస్తా ఉంటే
కత్తి తీసి నేనే కోసేసినా.
ప్రాణం దక్కిందని పోలేరమ్మకి కోడినిచ్చాం.
వలని ఎవురూ తలుచుకోలా.
అది మాత్రం పని మానలా.
రెండేళ్లకి జువ్వలదిన్నె వోళ్ల లంగరుకి తగిలొచ్చింది.
నా ఎడం చేతి ముడి నాకు తెలవదా?
దాని నిండా పీతల డొల్లలు, ముళ్లు,
ఒక తాబేలు, ఇంకా మెత్తగానే ఉండాది.
తినేవోడు లేడు, అమ్మేవోడు లేడు,
పడతానే ఉండాది అన్నాళ్లూ.

"పైన గూడా వల వేసి చూశారు తాతా.
ఈటె గూడా. తెరచాప గూడా కడతారంట,
ఉన్నీలేనంత గాలికే అది ఈడ్చి ఈడ్చి
కిందికి దించి కాల్చేస్తాదంట."
వల కన్ను ఎంత? బరువే లేని చోట గుండ్లెందుకు?
లాగే తాడు ఎవుడి చేతిలో?
పాపకి తెలవదు. పుస్తకం వెనకట్ట మీద రాసుకుంది,
సైన్సు అయ్యోరిని అడగతాదంట.
"అన్నిటికన్నా సులువు, దిగేదానికి
కాస్త ఇంధనం ముందే దాచుకోడం."
ఆ మాటకి నవ్వొచ్చింది.
తిరుగు డీజిలు ముట్టుకోకూడదని
మా వోళ్లలో మీసం రానోడికి గూడా తెలుసు,
ఎదురుగా కానాగంతలు ఎగిరి పడతా ఉన్నా సరే.

చీకటి పడేటప్పుడు చుక్క ఒకటి
మిణకకుండా నడిచిపోయింది నెత్తి మీద.
బతికిందో చచ్చిందో
కింద నించి చూస్తే ఎట్టా తెలస్తాది?

బెండు తీసి పాప చేతికిచ్చా.
నాకు రాత రాదు.
"రాయి మే. సోమారి పోలయ్య, మైపాడు.
తెగిపోతే ఎవుడిదో తెలియాల."
రంగులో పుల్ల ముంచి రాసింది.
"ఫోన్ నంబరు గూడా రాయనా తాతా?"
రాయి.