దుబాసీ పద్దు

ఆనేకల్ తాలూకాఫీసు మెట్లు పదకొండు.
తొమ్మిదోది విరిగింది.
మొదటిరోజు మారెన్ అక్కడే తూలింది.
రెండోరోజు నుంచి నాకే చెప్పడం మొదలుపెట్టింది: "జాగ్రత్త."
నా దగ్గర నేర్చుకున్న తెలుగు ఆ ఒక్క మాటే.

ఏడాదిలో సగం వాన కురిసే నార్వే ఊరి పిల్ల
ఎండిన బోర్లు లెక్కపెట్టడానికి వచ్చింది.
నాది మదనపల్లె.
రోజుకి పన్నెండువందలకి
ఆమె నోరు నేను, చెవులు నేను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చౌడారెడ్డి ఉత్తరం చదివాడు.
తిప్పి, ఖాళీ వైపు కూడా చదివాడు.
మూడు సీళ్ళున్న కాగితం.
నాలుగోది ఎక్కడ అన్నట్టు
కింది జాగాని బొటనవేలితో రుద్ది
"నాళె నోడోణ" అన్నాడు.

రేపు చూద్దామంటున్నారు, అన్నాను.
మారెన్ రాసుకుంది: రేపు.
పక్కన తేదీ కూడా వేసింది.

ఆ తేదీని ఎలా కొట్టేయించను?
నా చిన్నప్పుడు మా వీధి తలుపులమీద
దయ్యాన్ని రేపు రమ్మని బొగ్గుతో రాసేవాళ్ళు.
ఆడదయ్యం, పాపం చదువుకున్నది,
చదివి వెళ్ళిపోయేది
మర్నాడొచ్చి మళ్ళీ చదివేది.
ఆరు రోజులు అట్లా
ఇద్దరం పదకొండు మెట్లెక్కాం.

సర్వర్ డౌన్. ఎలక్షన్ డ్యూటీ.
సాహేబ్రు బెంగళూరు మీటింగులో.
జీపుకి పూజ; ఆ రోజు మాత్రం పులిహోర పెట్టారు.

ఆరోనాడు కరెంటు పోయింది.
చీకట్లో, ఎవరికీ అర్థం కాదుకదా అని,
"ఈయన సంతకం కోసం తిరిగే బదులు మనమే బోరేసినా
ఈపాటికి నీళ్ళు పడేవి" అన్నాను.

చీకట్లోంచే జవాబొచ్చింది, తెలుగులో:
"సంతకం పెడితే నీళ్ళు పడవమ్మా, మెమో పడుద్ది.
రిజిస్టర్లో అరవైరెండే ఉండాయి.
మీరు లెక్కపెడితే తక్కినవన్నీ నా మెడకే.
నాకన్నా ముందాయన ఏదో మంచిపనని సంతకం పెట్టి
బీదర్‌లో ఉండాడు."

ఏమన్నారు? అంది మారెన్.
కరెంటు పోయిందన్నారు, అన్నాను.
ఆ పూటకి నేనూ ఒక చిన్న ఆఫీసునయ్యాను.
ఒక ఫైలు నా కిందా ఆగింది.

ఫ్యాను తిరిగింది. ఆయన కన్నడంలోకి వెళ్ళిపోయాడు.
పిల్లప్పని పిలిచాడు.
పిల్లప్ప నీరుగంటి. చెరువు తూము తీసే వంశం.
పదహారేళ్ళుగా తియ్యడానికేం లేక టపా మోస్తున్నాడు.
"వీడు తప్పిపోయిన ఆవుని వెతకతా ఊళ్ళు తిరుగుతాడు,
వెనకాల ఎవరు నడిస్తే నాకేం తెలుసు?"

ఆవు పదిహేను రోజులు దొరకలేదు.
పిల్లప్ప బండరాయి పక్కకి జరిపి
గొట్టంలో గులకరాయి వదిలి
చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వేళ్ళు చూపేవాడు:
తొమ్మిదొందలు. వెయ్యీ యాభై.
కొన్నిటికి వేళ్ళు లేవక చెయ్యి దించేసేవాడు.
రాగిచేలో, దానిమ్మ తోటలో, స్కూలు మరుగుదొడ్డి వెనక,
అమ్ముడైపోయిన లేఔటు రాళ్ళ మధ్య
నాలుగువందల పందొమ్మిది.

చివరిరోజు మెట్లకింద, స్కూటరు పక్కన,
చౌడారెడ్డి నిలబడి ఉన్నాడు.
"మా ఇంటెనకది రాసుకున్నారా?"
లేదన్నాను.
"పదకొండువందల ఎనభై అడుగులు. పొడి లేసింది.
మా అమ్మ గాజులు పోయినాయి దాన్లో.
రాసుకోండి. పేరొద్దు."

ఈసారి మొత్తం చెప్పాను, గాజులతో సహా.
మారెన్ పెన్ను ఆగింది, మళ్ళీ కదిలింది.
నాలుగువందల ఇరవై, అని పైకే చదివింది.

ఆయన నవ్వాడు. స్కూటరుమీదికి వంగి,
కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.
పిల్లప్పా నవ్వాడు.

ఆ నవ్వెందుకని అడిగింది మారెన్.

రేపు చెప్తానన్నాను.