చీకట్లో కలపాల

ముందు రెట్ట చూడాల.
పొద్దున్నే గూడు తలుపు తీయగానే నేను చూసేది అదే,
మొగం కాదు.
సున్నం కలిపిన పసరులాగా పడిందంటే
ఆ పూట నాకు సంగటి గొంతు దిగదు.

పర్ల పెట్ట గోడవార నిలబడింది
మెడ లోపలికి లాక్కొని,
రెక్కలు తడిసిన గోనెపట్టల్లా దించుకొని.
నూకలు చల్లితే మిగతా ఎనిమిదీ ఉరికొచ్చినాయి.
అది రాలేదు.
రాకపోవడమే కోడి తన జబ్బు చెప్పుకోవడం.

పాకాల పశువుల ఆస్పత్రిలో అస్మత్ అనే పిల్ల
ఐసు ఫ్లాస్కులోంచి చిన్న సీసా తీసి
"వచ్చినదానికి ఇది పని చెయ్యదక్కా,
రానివాటికే, కంట్లో ఒక చుక్క" అంది.
"మరి దీన్నేం చేసేది?"
"వేరుగా పెట్టు. నీళ్ళు తాపు.
మిగిలితే మిగుల్తుంది."

టమోటా క్రేటు బోర్లించి పైన పొత్రం పెట్టినాను.
ముందు బాగున్నవాటికి మేత, ఆఖర్న దీనికి.
చెప్పులు మార్చడం, సబ్బుతో మోచేతుల దాకా కడగడం.
బెల్లం నీళ్ళు, చిటికెడు ఉప్పు,
సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్క చుక్క.

మూడోనాడు నెమలి పోయింది.
ఐదోనాడు ఒకే పూట రెండు.
"వాలిపోకముందే కోసి అమ్ముకోక" అన్నాడు ఎదురింటి చెంగల్రాయుడు.
నిజం చెప్పాలంటే ఒకదానికి కాళ్ళు కట్టినాను కూడా.
వీధి మలుపు దాకా పోయి, తిరిగొచ్చి విప్పేసినాను.
మోకాటిలోతు గుంత, సున్నం,
కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప.

పర్ల పెట్ట చావలేదు.
మెడ మాత్రం తిరిగిపోయింది,
పైన ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
గింజను పొడవబోతే మన్ను,
మళ్ళీ పొడిస్తే మళ్ళీ మన్ను,
మూడోసారికి గింజ.
చేటలో బియ్యం అట్లే పెట్టుకొని
నేను లెక్కపెడతా కూర్చునేదాన్ని.

నెల దాటినాక, కోలుకుందిలే అని, పట్టపగలు వదిలినాను.
అది పొదిగి లేపిన పెట్టే ముందొచ్చింది.
తల మీద ఒకటి. ఆమీద మిగతావి, వరసగా.
నెత్తురు కనపడితే కోళ్ళకి చుట్టరికం కనపడదు.
డేగ పుంజు మెడ పొంగించి చూస్తా నిలబడింది
ఎవరి పక్కా మాట్లాడని పెద్దమనిషి మాదిరి.

పసుపు అద్ది మళ్ళీ క్రేటు కిందికి.

అస్మత్ ఫోన్లో నవ్వింది.
"పగలు కలిపితే కొత్తదనుకుంటాయక్కా.
నాలుగు దినాలు జాలీకి ఇవతల ఉంచు, చూసుకోనీ.
ఆమీద రాత్రి, అవి నిద్రపోయినాక
నడిమధ్యన కూర్చోబెట్టు.
తెల్లారేసరికి ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది."

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఒకే గిన్నె తోమినాను.
మా ఆడబిడ్డ మొగిలమ్మ
తిరుపతిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఆరు నెలల మాత్రలు మింగి
గళ్ళలో ఇంకేమీ లేదని రాసిన కాగితం పట్టుకొని
దిగింది పట్టపగలే, మధ్యాన్నం బస్సుకి,
వీధంతా చూస్తా ఉండగా.
ఆమె గ్లాసు వేరే గూట్లో పెట్టింది నేనే.
ఆ కాగితం చదవడం వచ్చింది
ఇంట్లో నాకొక్కదానికే.

ఆ రాత్రి కరెంటు పోయింది, మంచిదే అయింది.
పెట్టను చంకన పెట్టుకొని గూటి దగ్గరికి నడిచినాను.
దాని గుండె నా అరచేతిలో గబగబా.
వెదురు బొంగు మీద ఐదు ఒళ్ళు ఒకదానికొకటి ఒరిగి.
వేళ్ళతో తడిమి చోటు చేసినాను.
ఎవరో కుర్‌మన్నారు. సర్దుకున్నారు.

వెనక్కి తిరిగితే గడపలో మొగిలమ్మ,
ఆర్పిన టార్చి చేతిలో.
"వెలుతురు పడితే లేస్తాయని" అంది.
ఎప్పటి నుంచి నిలబడిందో.

తెల్లారి తలుపు తీసి, ముందు రెట్ట చూసినాను.
ఆరూ దిగినాయి.
పర్లది తల ఒక పక్కకి వేసి
మన్ను, మన్ను, గింజ.
ఇంతవరకూ ఎవరూ పొడవలేదు. పొద్దెక్కితే ఏమో,
ఈ దినమంతా కాపలా కూర్చోవాల.

కాఫీ రెండు గ్లాసుల్లో పోసినాను,
ఏది ఎవరిదో చూడకుండా,
అని చెప్పుకోవాలనుంది.
చూసినాను.
చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
అది ఆమె కూడా చూసింది.