లిఫ్టు పెట్టె

తిబిలిసి చివర వార్కెతిలిలో
పదహారంతస్తుల కాంక్రీటు. దానికో లిఫ్టు.
లిఫ్టుకి చిల్లర తినే నోరు.
ఎక్కాలంటే పది తెత్రిలు,
దిగేవాళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

మొన్నటిదాకా నాణెం, ఇప్పుడు కార్డు.
ఈ కొత్త పెట్టె మోసపోతుందేమో చూడమని
కంపెనీవాళ్ళు ఒకటి నా చేతికిచ్చి
మూడు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు.
పేరు: ఎలిసో. వృత్తి: తాళాల పరువు తీయడం.

వంటింటి బల్ల మీద ముల్లంగి గిన్నె జరిపి
బోర్డు పెట్టాను, బొటనవేలి కంటే కాస్త పెద్దది.
దానికి మాట నేర్పాలంటే
బొత్తాం నొక్కిపట్టి కేబులు గుచ్చాలి,
చంటిదాని ముక్కు మూసి మందు పోసినట్టు.
తెర మీద ఖాళీ డ్రైవొకటి లేచింది.
అందులోకి ఫైలు లాగి వదిలాను.
మింగింది. మాయమైంది.
ఆకుపచ్చ దీపం వెలిగి, ఆరి, వెలిగింది.
ఇల్లలకగానే పండగ కాదు, తెలుసు.
అలికిన ఇంటిని కాసేపు చూసుకుంటే తప్పేముంది?

తర్వాత తీగలు. నల్లది నేలకి.
రెండు బోర్డులకీ నేల ఒక్కటే కావాలి,
లేదంటే ఒకదాని ఒకటి ఇంకోదానికి సున్నా.
ఇది మరిచి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

పెట్టెలోని చిప్పు పక్కన
మూడు కెపాసిటర్లు, ఆవగింజలంత.
కరెంటు తడబడితే గుక్కెడు అందించే చుట్టాలవి.
వేడి చేసి ఒక్కొక్కటే పీకేశాను.
నాకు దాని ఆకలి కావాలి.

ప్రోగ్రాము చిన్నదే.
రీసెట్ వదులు. ఇంతసేపు ఆగు.
కరెంటుని నేలకి తొక్కి వెంటనే వదిలెయ్.
ఏమంటుందో విను.
ఏమీ అనకపోతే ఆగే సేపు
వెంట్రుకవాసి పెంచి, మళ్ళీ.
ఆ చిప్పులో ఎక్కడో ఒక ప్రశ్న ఉంది:
నువ్వు మావాడివేనా?
సరిగ్గా అడగబోయేటప్పుడు దానికి తల తిరగాలి.
ఎక్కువసేపు తొక్కితే మూర్ఛపోతుంది,
ఆలస్యమైతే అడిగేసి ఉంటుంది.

బోర్డు తన పనిలో ఉండగా
పద్నాలుగో అంతస్తు నినెలీ వచ్చింది,
రేగుపళ్ళ పులుసు పోసిచ్చిన సీసా వెనక్కి అడగడానికి.
ఆనాటి పెద్ద నాయకుడి పేరు తిరగేసి
వాళ్ళ నాన్న ఆమెకి పెట్టాడు.
వెనక నుంచి చదవడమంటే ఆమెకి కొత్త కాదు.
"ఏం చేస్తున్నావు దాన్ని?"
"ఒక్క మాట మరిచిపోయేట్టు చేస్తున్నాను."
"ఎన్నిసార్లు?"
"ముప్ఫై ఎనిమిది వేల చిల్లర, ఇప్పటికి."
కుర్చీ లాక్కుని కూర్చుంది.
"మా గోదెర్జీ ఒక్కసారికే సాధించాడు.
నాణేనికి బెజ్జం వేసి, దారం కట్టి, లోపలికి వదిలేవాడు,
లిఫ్టు కదలగానే లాక్కునేవాడు.
ఏడేళ్ళు, ఒకే నాణెం.
ఆయనతోపాటే పెట్టెలో పెట్టి పంపాను,
అక్కడ కూడా ఎక్కాల్సి వస్తుందేమో అని."
సీసా కడిగి ఇవ్వలేదని నన్ను తిట్టి వెళ్ళింది.

తెల్లవారుజామున
తెర మీద ఒక వరుస
మిగతా వాటికంటే పొడుగ్గా కనిపించింది.
చిప్పు అడగడం మరిచింది.
లోపలున్నదంతా గుక్క తిప్పుకోకుండా
ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేసింది.
అరవలేదు నేను. గోడ అవతల పసిపిల్ల ఉంది.
ముల్లంగి ముక్కొకటి నోట్లో వేసుకున్నాను.
చేతులు మాత్రం కాసేపు వణికాయి.

రిపోర్టులో ఒక గడి ఉంటుంది:
ఇంతకుముందు తెలిసిన దాడులు.
అందులో రాశాను: దారం.

మర్నాడు కంపెనీ నుంచి జ్వియాద్ ఫోను.
"ఈ దారమేమిటి? ఏ వెర్షను?"
"నల్లదైతే మంచిది," అన్నాను,
"గజం పైన ఉండాలి."