కొయ్యని మరక

పుట్టపాక నుంచి వచ్చిన తేలియా రుమాలు
కాగితం కవరులో, మూడు లక్క ముద్రల కింద.
విప్పగానే గది నిండా ఆముదం వాసన.

నల్లగొండ క్లూస్ టీం గది,
కిటికీకి నల్లగుడ్డ కట్టాను.
ఇంతకుముందైతే కత్తెర తీసేదాన్ని:
మరకను రూపాయంత కోసి
ఉప్పునీళ్ళలో నానేసి
జవాబు రాబట్టి, పారబోసేదాన్ని.

నిన్న గేటు దగ్గర ఆపింది అండాలు.
"కొయ్యకున్రి మేడం.
మా ఆయన ఆఖరికి నేసింది అదే.
ఒక్క పోగు తెగినా లెక్క తప్పుతది."

సరే, వెలుతురుతోనే అడుగుతాను.
నీలికాంతి, కళ్ళకు నారింజ అద్దాలు.
పోలీసులు సున్నాలు చుట్టిన ఏడింటిలో
ఆరు, ఆయన అద్దిన ఎర్రరంగే.
ఏడోది మాత్రం నల్లగా
వెలుతురును మింగి కూర్చుంది.
దాని మీద లేజరు చుక్క ఆనించాను.
తెర మీద గీత లేచింది,
కాపురాల గుట్ట, పక్కనే లతీఫ్ సాబు గుట్ట.
రక్తం.

ఎనిమిదోదానికి ఎవరూ సున్నా చుట్టలేదు.
మామూలు కంటికి ఆనదు.
అంచు కొసన, గోరంత మసక మెరుపు:
ఉమ్మి కావచ్చు.
పోగు అతికేటప్పుడు నాలుకతో తడిపాడో
నొప్పికి పళ్ళ మధ్య కరిచిపట్టాడో
అసలు ఆ నోరు ఇంకెవరిదో
వెలుతురు చెప్పదు.
రేపు హైదరాబాదువాళ్ళు దూదిపుల్లతో అడుగుతారేమో.

రిపోర్టులో ఒక గడి:
'పరీక్షకు ఖర్చయిన నమూనా'.
'లేదు' అని రాసి
రుమాలును పాత మడతల మీదే మడిచాను.

అండాలుకు చెప్పాలి, లెక్క తప్పలేదని.
కోర్టు తేలేదాకా రుమాలు రాదని కూడా.
రెండోది నా పని కాదు.
అయినా గేటు దాకా వెళ్ళాను.