నలభై మూడోది

కింద నీళ్ళు లేని వంతెన ఒకటుంది మా తిబిలిసిలో.
ఆదివారం దాని మీద పాత సామాను పరుస్తారు:
యుద్ధ పతకాలు, పళ్ళ డాక్టరు పటకార్లు,
ఎవరివో పెళ్ళి ఫొటోలు, చట్రంతో సహా.
టమాటాలు తెమ్మని పంపితే
నుగ్జార్ భుజాన మరో కుట్టుమిషనుతో వచ్చాడు.
లిఫ్టులు బాగుచేసి రిటైరయిన మనిషి,
మా లిఫ్టే పనిచెయ్యదు. ఎనిమిది అంతస్తులు.
మలుపు మలుపుకీ దాన్ని కూచోబెట్టి
తను నిలబడి ఆయాసపడ్డాడట.
టమాటాలు, మరి?
"రేపు," అన్నాడు, నూనెబుడ్డి వెతుక్కుంటూ.

మంచం కింద పదకొండు.
బాల్కనీలో ద్రాక్షతీగ కింద, వానకోట్లు తొడుక్కుని, తొమ్మిది.
స్నానాలగదిలోదాని మీద నేను సబ్బు పెడతాను, కక్షకొద్దీ.
ఇన్నిటి ఆసామికి బొత్తాం కుట్టుకోవడం రాదు.
ఊడిన చొక్కా నా ఒళ్ళో పడేస్తాడు.

ఇది మాత్రం శిలై వచ్చింది.
ఎవరో మహాతల్లి వంటనూనె పోసింది,
అది ముదిరి జిగురై, జిగురు రాయై,
బలం పెడితే బల్ల కదిలేది గాని చక్రం కాదు.
"మొండితనం కాదిది, బిడియం," అంటాడు.
ఇరుసు సందుల్లో కిరసనాయిలు
పొద్దున ఓ చుక్క, పడుకునే ముందు ఓ చుక్క,
కళ్ళమందు వేసినంత ఓర్పుగా.
నా జుట్టు ఆరబెట్టే వేడిగాలి యంత్రమూ దానికే.
నవంబరంతా నేను తడితలతో తిరిగాను.

పంతొమ్మిదో రాత్రి, నిద్రలో, టక్.
వెళ్ళి చూస్తే వంటింటి బల్ల దగ్గర బనీనుతో
పిడి తిప్పుతున్నాడు, ఒక్కో పన్నూ లెక్కపెడుతూ.
సూది లేదు, దారం లేదు.
ఉత్త గాలిని కుడుతున్నాడు.

మర్నాడు అడుగురేకు విప్పాడు.
చిట్టి పడవలాంటి నాడె కింద, పళ్ళ సందున,
ఎన్నేళ్ళదో పీచు, దిమ్మకట్టి.
పటకారుతో ఎత్తి పేపరు మీద పెట్టి పొర పొరా విప్పాడు.
పైన గులాబీ నైలాను. దాని కింద నలుపు,
ఒక ఇంటికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ నలుపు.
నలుపు కింద బూడిదరంగు, ముతక, దుప్పటిది.
అక్కడ ఆగాడు.
ఇంకా కింద ఏముందో మేం చూడలేదు.

కరెంటు లేని ఆ చలికాలాలు.
ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కడివక్కడ వేలాడాయి,
లిఫ్టు మెకానిక్కు జీతమూ అలాగే వేలాడింది.
మా భవనం మొత్తంలో తిరిగినది ఒక్కటే:
నాలుగో అంతస్తులో నానూలి గారి చేతిమిషను,
కొవ్వొత్తి వెలుగులో దుప్పట్లను కోట్లు చేస్తూ.
ఈయన చీకట్లో మెట్ల మీద కూచుని
ఆ చప్పుడు వినేవాడు.
రొట్టె క్యూకి వెళ్ళాడనుకునేదాన్ని.

పీచును అగ్గిపెట్టెలో దాచాడు. సరే, దాచుకోనీ.

దాన్ని అమ్మినామె డిసెంబరులో వచ్చింది, ఎతేరి,
ఎనిమిది అంతస్తులూ ఎక్కి, సంచీ గుండెలకు అదుముకుని.
తిరిగి ఇమ్మని కాదట.
ఒకసారి తిప్పి చూస్తుందట.
దారం ఎక్కించాలా అని తను నాకేసి చూశాడు.
ఆమె ఆగలేదు. అదే పేపరును సూది కిందకు నెట్టి
వట్టి సూదితోనే కుట్టుకుంటూ పోయింది,
వాతావరణం మీదుగా, చావుకబుర్ల మీదుగా,
ఈ అంచు నుంచి ఆ అంచుకి.
మడమ నేలను తాళంగా తడుతోంది,
చేతిమిషనుకి కాలితో పనే లేదు.

ఆ కాగితం ఇప్పుడు వంటింటి కిటికీకి అంటించి ఉంది.
పొద్దుటెండ చుక్కలు చుక్కలుగా బల్ల మీదకి దిగుతుంది
తిన్నగా, ఒక్కచోట తప్ప.
ఆ వంకర దగ్గరే ఆమె తలెత్తింది,
టీ తాగుతారా అని నేను అడిగినప్పుడు.