బీరువాలో పాప

నారిన్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
కాలేజీ మెట్ల మీద మంచు, దాన్ని పారతో గీకిన చారలు.
బిష్కెక్ నుంచి మదింపుకని వచ్చాను:
మూడేళ్ల ప్రసూతి నర్సుల కోర్సు,
చదువు ముగించినవాళ్లు నలభై ఒక్కరు,
ఒక దాత, ఒక గడువు,
ఒక్కో ప్రశ్నకు అయిదు గళ్లున్న కాగితాలు.

సాయ్‌కాల్ ఎసెనొవ్నా టీ పోసింది,
నేరేడు రంగు జామ్ పెట్టింది,
తర్వాత అంకెలు పెట్టింది.
పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరందించే పరీక్షలో
సగటు మార్కు తొంభై రెండు.
తొంభై రెండు!
ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టిన చొక్కాలా ఉంది ఆ అంకె.
ఒక్కసారీ ఎవరూ తొడుక్కోని చొక్కా.

సాధన చేసే బొమ్మను చూపిస్తారా, అన్నాను.
తాళంచెవి కోసం ముగ్గురు మూడు గదులు తిరిగారు.
బీరువాలో, పై అరలో,
కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ చుట్టినట్టే,
రబ్బరు పాప.
మూడేళ్లుగా ఒక్క శ్వాసా తీసుకోలేదు.
"పాడైతే ఇంకోటి ఎవరిస్తారండీ?"
ఆ ప్రశ్న నా కాగితాల్లో లేదు.
జవాబు నా సంచీలోనూ లేదు.

ఎల్లుండి, కనుమ దాటి,
ఐజురెక్ పనిచేసే ఒంటిగది ఆరోగ్య కేంద్రం.
పొయ్యిలో పిడకలు, కిటికీలో ఎండ,
తూకం యంత్రం మీద నిద్రపోతున్న పిల్లి.
పదమూడు ప్రశ్నలకూ "నాలుగు" అంది.
అయిదంటే గొప్పలు. మూడంటే ఫిర్యాదు.
నాలుగంటే ఇద్దరం తొందరగా ఇల్లు చేరొచ్చు.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ
రాసుకునేవాడి ముందు లోకమంతా నాలుగే.

పద్నాలుగోది: నేర్చుకున్నది అక్కరకొచ్చిందా?
నేను పెన్నుకు మూత పెట్టాక చెప్పింది.
జనవరిలో, అంబులెన్సు కనుమకు అవతలే చిక్కిన రాత్రి,
ఒకడు నీలంగా పుట్టాడు.
ఏడవలేదు.
తుడిచిందట. వీపు రుద్దిందట. మెడ సరిచేసి ఊదిందట.
"ఎక్కడ నేర్చుకున్నావు?"
ఆశపడ్డాను, దాచడమెందుకు,
కాలేజీ పేరు కోసం గడి ఖాళీగా ఉంచుకున్నాను.

"గొర్రెపిల్లల దగ్గర.
ఏప్రిల్‌లో మా మందలో తడితడిగా పడతాయి.
కొన్ని కదలవు. గడ్డితో రుద్దుతాం,
ముక్కులో పరక పెట్టి తిప్పుతాం.
ఏడేళ్లప్పటి నుంచీ అది నా పని."

పరీక్షలో ఎన్నొచ్చాయి?
"డెబ్బై. వరస తప్పు చెప్పానట."

పిల్లిని దించి, తూకం తుడిచి,
న్యాయం తప్పకూడదు అనుకుందేమో, మళ్లీ అంది:
"నిమిషం దాటకూడదన్నది మాత్రం కాలేజీ మాటే.
గొర్రెల దగ్గర మేం గడియారం చూడం."

ఆ రాత్రి బసలో దుప్పటి కప్పుకుని లెక్క వేశాను.
ఆ పిల్లాడి ఊపిరిలో మందకెంత, కాలేజీకెంత?
నిమిషాన్ని ఒక పళ్లెంలో,
గడ్డిపరకను ఇంకో పళ్లెంలో పెట్టాను.
ముల్లు ఆగలేదు.
నీలంగా పుట్టి నీలంగానే పోయినవాళ్లు
ఏ పళ్లెంలోకీ రాలేదు.
వాళ్ల నర్సులు నా జాబితాలో
"అందుబాటులో లేరు".

ఏడో సిఫారసు ఇలా రాశాను:
బీరువాకు తాళం తీసేయండి.
దాత కార్యాలయం దిద్ది పంపింది:
పరికరాల వినియోగాన్ని పటిష్ఠం చేయవలెను.
సంతకం పెట్టాను.
గడువు ఆ సాయంత్రమే.

మే నెలలో సాయ్‌కాల్ ఫోన్.
"విప్పామండీ ప్లాస్టిక్.
ఉన్నచోటే రబ్బరు బిగుసుకుపోయింది.
ఎంత ఊదినా ఛాతీ లేవడం లేదు."
వెనక ఆడపిల్లల గోల, కుర్చీలు జరిపిన చప్పుడు.
"అయినా వరస కట్టారండీ, మా వంతు మా వంతంటూ.
ఒకతి ఇంటి నుంచి
గొర్రెపిల్లను తెస్తానంటోంది.
తెమ్మననా?
మీ కాగితాల్లో దానికి
గడి ఉంటుందా?"