సిసాక్ పిల్లాడి ఉత్తరానికి జవాబు

మారిన్ బాబూ,
నీ ఉత్తరం మీద నూనె మరక ఉంది.
అందుకే పైవాళ్లెవరూ ముట్టుకోక
నా బల్ల మీదికొచ్చింది.
నేను కథలు రాసేదాన్ని కాదు.
జాగ్రెబ్‌లో, ట్రామ్ కీచుమంటూ మలుపు తిరిగే చోట
మూడో అంతస్తులో
అద్దంలాంటి ఫిల్ముల మీద రంగు నింపే ద్రాగిత్సని.
మీ ముళ్లపందికి ఒక్కో ముల్లూ పెట్టింది నేనే.

అడిగావు కదా,
శనివారం సాయంత్రమల్లా కొట్టుకుని
ఆ రాత్రికి ఒకే దీపం ఆర్పి
బోద్కో, టీరా ఎలా పడుకుంటారని.

నిజమే. ఎడ్డెమంటే తెడ్డెం వాళ్లకి.
ముళ్లపంది చెంచాలు లెక్కపెట్టుకుంటే గాని నిద్రపోడు.
కొంగకి చెంచా అంటే విసరడానికి పనికొచ్చేది.
అతను చలికాలానికి పుట్టగొడుగులు ఎండబెడతాడు,
ఆమె వాటిని దండ గుచ్చి మెడలో వేసుకుని
ఆఫ్రికా పోతున్నానంటుంది.
పోదు.
ఇంకా పన్నెండు భాగాలకి డబ్బొచ్చింది, ఎలా పోతుంది?
అంటాడు మా లెక్కల గుమస్తా.
కథ రాసే నేవెంకాని అడిగాను నీ కోసం.
"ఒకరి తిట్లు ఒకరికి కంఠతా వచ్చు,
కొత్తవాళ్లతో అయితే మళ్లీ అఆల నుంచి మొదలెట్టాలి"
అని సిగరెట్టు వెలిగించుకుంది.

నాకు తెలిసింది రంగు సంగతే.
అతని పొట్ట కిందికీ, ఆమె రెక్క అంచుకీ
ఒకే డబ్బాలోని బూడిదరంగు, పద్నాలుగో నంబరు.
పొదుపుకని మొదలెట్టాం.
ఇప్పుడు మూత తీస్తే
అది ఎవరి రంగో నాకే తెలీదు.

మార్చిలో పైనుంచి మాటొచ్చింది:
పోట్లాట ఉత్తుత్తిదిలా ఉంది, నిజంగానే విడగొట్టండి.
సరేనని ముళ్లపందిని మూటతో సహా నది దాటించాం.
ఇంట్లో కొంగ ఒక్కతే.
చెంచా విసిరింది.
అది పడ్డచోటే ఉంది.
తీసి, తుడిచి, తిట్టి, సొరుగులో పెట్టేవాడు లేడు.
బొమ్మలు గీసే వ్లాట్కో
పెన్సిలు చెవిమీద పెట్టుకుని
మధ్యాహ్నం దాకా కిటికీలోంచి మంచు చూశాడు.
ఆ తర్వాత ఏం గీయాలో తోచలేదట.

అప్పుడు కనిపించింది నాకు,
ఏడేళ్లుగా నా చేతులతో వేస్తూ చూడనిది:
కొంగ కనుపాప ఎప్పుడూ ఎడమకే.
పొట్టివాడు అక్కడ నిలబడతాడని
మొదటిరోజే అలా కుదిరిపోయింది.
వాణ్ణయితే తీసేశాం గాని
ఆ చూపుని దేంతో తుడవాలి?
కుడికి జరిపి చూశాం.
అది టీరా కాదు, ఇంకేదో కొంగ.

ఆ భాగం అట్టపెట్టెలో ఉండిపోయింది.
మరుసటి వారం బోద్కో తిరిగొచ్చాడు.
క్షమాపణ లేదు, కౌగిలింత లేదు.
నేలమీది చెంచా తీసి
"పదకొండు" అన్నాడు.
"పన్నెండు" అంది ఆమె, అబద్ధం.
మొదలైంది మళ్లీ.

ఉత్తరం అడుగున, చోటు చాలక
అంచు వెంబడి నిలువుగా రాశావు,
మీ నాన్నా, స్టిపాన్ బాబాయీ
ప్లమ్ చెట్ల గట్టు దగ్గర
మాటలు మానేసి రెండేళ్లయిందని.
వాళ్లకి రంగు వేసింది నేను కాదు బాబూ,
ఏ డబ్బాలోంచి వేశారో చెప్పలేను.
మీ నాన్న అన్నానికి కూర్చున్నప్పుడు
కళ్లు ఎటు పోతాయో చూడు, అంతే.
చూసి ఊరుకో. అడక్కు.

దీంతో ఒక ఫిల్ము ముక్క పంపుతున్నాను,
ఎవరికీ చెప్పకు.
కొంగ ఒక్కతే ఉంది. ఎడమపక్క ఖాళీ.
వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే
నీ బొటనవేలు
సరిగ్గా అక్కడ పడుతుంది.